సెషన్ ఫైలులో పాట ఉండదు: మల్టీట్రాక్‌పై అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో నా రికార్డింగ్ స్టూడియో అంటే రెండు గదులు. ఒకదానిలో గోడల నిండా పాత పరుపులు, రెండోదానిలో కంప్యూటర్. వచ్చేవారిలో పద్యనాటకాల నటులు, బుర్రకథ దళాలు, భజన బృందాలు ఎక్కువ. వాళ్లకు పాట వచ్చు, నాకు మీటలు నొక్కడం వచ్చు. ఒక్కో గొంతునూ, వాయిద్యాన్నీ విడి ట్రాక్‌గా పట్టి తర్వాత కలపడమే మల్టీట్రాక్. దాని చుట్టూ, ఈ రెంటి మధ్య తిరిగే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వీటిలో సగం ఒకప్పుడు నావే.

అపోహ: సెషన్ ఫైలు (మల్టీట్రాక్ పనిని సాఫ్ట్‌వేర్ సేవ్ చేసుకునే ఫైలు) దగ్గరుంటే పని మొత్తం దగ్గరున్నట్టే.

నెల్లూరు నుంచి ఒక భజన బృందం పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చింది. పన్నెండు పాటలు, వేరే చోట రికార్డు చేశారట, మిక్సింగ్ ఒక్కటే మిగిలిందట. తెరిచి చూస్తే ఒకే ఒక్క సెషన్ ఫైలు, కొన్ని కిలోబైట్లు. అందులో శబ్దం ఒక్క క్షణం కూడా లేదు. అడోబీ ఆడిషన్ అనే సాఫ్ట్‌వేర్ సెషన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు: ఏ ట్రాక్‌లో ఏ ఫైలు, ఎక్కడ మొదలు, ఎక్కడ కోత, ఎంత వాల్యూమ్. అది పెళ్లి భోజనాల సరుకుల చీటీ లాంటిది. చీటీలో మొలగొలుకులు అని రాసి ఉంటే అన్నం ఉడకదు, బస్తా రావాలి. ఆ బస్తాలు నెల్లూరులోనే ఉండిపోయాయి. పాపం, వాళ్లు మళ్లీ బస్సెక్కారు.

ఆడిషన్‌లో సెషన్‌ను ఎగుమతి చేసేటప్పుడు అనుబంధ ఫైళ్ల నకళ్లనూ జత చేయమనే ఎంపిక ఉంటుంది. రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ప్రాజెక్టును (అక్కడ సెషన్‌కు ఆ పేరు) వేరే చోట సేవ్ చేస్తూ మీడియా అంతటినీ అదే ఫోల్డర్‌లోకి నకలు చేయమని చెప్పవచ్చు. మరో సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ సంగతి వేరు. 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ప్రాజెక్టు ఫైలులోనే శబ్దం ఉంటుంది. అంతకుముందు దానికీ పక్కనే ఒక డేటా ఫోల్డర్ ఉండేది, జనం దాన్ని చెత్త అనుకుని తుడిచేసేవారు.

అపోహ: ట్రాక్‌లో కత్తిరిస్తే అసలు రికార్డింగ్ పోతుంది.

పోదు. కోసిన ముక్క అంచు పట్టుకుని లాగితే పోయిందనుకున్న పల్లవి తిరిగి వస్తుంది. అయితే ఇదే ధైర్యంతో ఆడిషన్‌లో క్లిప్‌పై రెండుసార్లు నొక్కి, వేవ్‌ఫామ్ కిటికీలోకి వెళ్లి, దగ్గు తీసేసి సేవ్ చేస్తే మాత్రం మారేది అసలు ఫైలే. ఆ ఫైలును సెషన్‌లో నాలుగు చోట్ల వాడి ఉంటే నాలుగు చోట్లా మారుతుంది. నేను ఏదైనా తాకేముందు అసలు ఫైళ్ల నకలు ఇంకో డిస్క్‌లో పెడతాను.

అపోహ: ఏ ట్రాకూ ఎరుపు తాకలేదు కాబట్టి మొత్తం కలిపినా పగలదు.

మీటరు ఎరుపు తాకిందంటే శబ్దం హద్దు దాటినట్టు; దాటిన శిఖరాలు తెగితే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఒకే శబ్దం ఉన్న రెండు ట్రాకులు కలిస్తే స్థాయి 6 డెసిబెల్స్ పెరుగుతుంది. సంబంధం లేని రెండు సమాన శబ్దాలు కలిస్తే సుమారు 3, నాలుగు కలిస్తే సుమారు 6. ఇది సగటు లెక్క. బుర్రకథలో కథకుడి తంబురా, అందెలు, ఇద్దరు వంతల గొంతులు, గుమ్మెటలు అన్నీ ‘తందాన తాన’ దగ్గర ఒకే క్షణంలో పడతాయి. సగటు అక్కడ ఎవరికీ పట్టదు. ప్రతి ట్రాక్‌నూ మైనస్ 12 డెసిబెల్స్ (సున్నా అంటే హద్దు) దగ్గర శిఖరం తాకేలా రికార్డు చేయండి. 24 బిట్ రికార్డింగ్‌లో అతి చిన్న శబ్దం నుంచి హద్దు దాకా సిద్ధాంతపరంగా 144 డెసిబెల్స్ చోటు ఉంది, తక్కువగా పట్టినందుకు నష్టం లేదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు లోపల 32 బిట్ ఫ్లోట్‌లో (హద్దు దాటిన శబ్దాన్నీ తెంచకుండా ఉంచే పద్ధతిలో) లెక్కిస్తాయి కనుక మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చోటు) ఎర్రబడినా ఫేడర్ (స్థాయిని మార్చే మీట) దించితే సరిపోతుంది. దించకుండా 16 బిట్‌కు ఎగుమతి చేశారా, తెగిన శిఖరం తెగినట్టే.

అపోహ: మైకులు ఎన్ని ఎక్కువైతే అంత స్పష్టత.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక గొంతు రెండో మైకుకు 34 సెంటీమీటర్లు ఎక్కువ దూరం వెళ్తే ఒక మిల్లీసెకను ఆలస్యం. రెండూ ఒకే స్థాయిలో కలిస్తే 500 హెర్ట్జ్, 1,500, 2,500 దగ్గర ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. మనిషికీ మైకుకూ అడుగు దూరం ఉంటే, మైకుకూ మైకుకూ మధ్య మూడడుగులైనా ఉంచమనేది పాత సూత్రం. తర్వాత పాడనివారి ట్రాకులను ఆయా చోట్ల కోసేయాలి. ఇదే నా రోజులో అతి విసుగైన పని.

అపోహ: శాంపిల్ రేటు పెంచితే నాణ్యత పెరుగుతుంది.

శాంపిల్ రేటు అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామన్నది. 44,100తో పట్టినదాన్ని 96,000కు మార్చితే ఫైలు బరువు పెరుగుతుంది, అంతే. అసలు ప్రమాదం ఇంకోటి. 44,100 ఫైలును 48,000 అని పొరబడి ఆడిస్తే వేగం దాదాపు 8.8 శాతం పెరుగుతుంది. ఒకటో శ్రుతిలో పాడిన పద్యం ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. ఏ హార్మోనియం మెట్టూ దానికి కలవదు. వీడియోకు వెళ్లే పని అయితే మొదటి నుంచే 48,000 పెట్టుకోండి.

అపోహ: మొదట్లో చప్పట్లు కలిపితే చివరిదాకా కలిసే ఉంటుంది.

రెండు పరికరాలతో పట్టినప్పుడు, రెంటిలోనూ వినిపించే ఒక చప్పట్ల శబ్దాన్ని ఒకేచోటికి తెచ్చి ట్రాకులను జత చేస్తాం. అది చివరిదాకా నిలవడం పాటకు నిజం, రాత్రంతా సాగే నాటకానికి కాదు. ఫోనులో గడియారం, రికార్డర్‌లో గడియారం వేర్వేరు. పది లక్షలకు యాభై వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను, ఐదు గంటలకు 0.9 సెకను జరుగుతుంది. అందుకే చివర్లోనూ చప్పట్లు కావాలి, ఆ రెంటి ఆధారంగా ట్రాక్‌ను సాగదీయవచ్చు. సింగరాయకొండ దగ్గర ఒక తిరునాళ్ల నాటకంలో, తెర పడగానే వేదిక మీద ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టమని హార్మోనిస్టుకు చెప్పి ఉంచాను. ఆయన సరిగ్గానే కొట్టారు. ఆయనను చూసి ఊరంతా కొట్టింది. వాటిలో ఆయనది ఏదో వెతకడానికి నాకు ఒక పూట పట్టింది.