డాక్టరుకు వైద్యం చేసే అర్హత ఉందా, దాన్ని ఎవరు చూస్తారు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండులో చాలాకాలం పనిచేసి, అక్కడ తోటి వైద్యులకు ఏటా అప్రైజల్ (వారి పనిపై సమీక్షా చర్చ) చేసే బాధ్యత కూడా నిర్వర్తించి, ఇప్పుడు శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడి రోగుల మాటల్లోనూ, కుర్ర డాక్టర్ల మాటల్లోనూ ఈ విషయంపై కొన్ని అపోహలు తరచుగా వినిపిస్తున్నాయి.

అపోహ: పట్టా పుచ్చుకొని మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుంటే ఇక జీవితాంతం అడిగేవారుండరు.

వాస్తవం: బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి, లైసెన్సు ఉన్న వైద్యులు సాధారణంగా ఐదేళ్లకోసారి రీవాలిడేషన్ (లైసెన్సు కొనసాగించడానికి తగినవారేనన్న ధ్రువీకరణ) పొందాలి; ఏటా జరిగే అప్రైజల్ దానికి ఆధారం. మన దగ్గర 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి, ఐదేళ్లలో కనీసం 30 గంటలు వైద్య సదస్సులలో పాల్గొనాలని చెబుతోంది. (2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది.) సదస్సులో కూర్చున్న గంటలకు లెక్క ఉంటుంది కానీ, ఆ తరువాత ఆ డాక్టరు రాసే మందుల చీటీ ఏమైనా మారిందా అని అడిగేవారు లేరు. మన పద్ధతిలో అసలు లోటు ఇదేనని నా అభిప్రాయం.

అపోహ: అప్రైజల్ అంటే తప్పులు పట్టే పరీక్ష.

వాస్తవం: అందులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. వైద్యుడు తాను నేర్చుకున్నది, తన పనిని మెరుగుపరచుకోవడానికి చేసినది, జరిగిన ముఖ్య ఘటనలు, ఫిర్యాదులు, ప్రశంసలు, ఐదేళ్లలో ఒక్కసారైనా సహోద్యోగుల నుంచీ రోగుల నుంచీ సేకరించిన అభిప్రాయాలు ముందుంచుకొని, శిక్షణ పొందిన మరొక వైద్యుడితో కూర్చొని మాట్లాడతాడు. లైసెన్సు కొనసాగించాలని గానీ, గడువు పెంచాలని గానీ, ఈయన సహకరించడం లేదని గానీ బ్రిటన్‌లో వైద్యుల లైసెన్సులు చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు రాసేది అప్రైజర్ కాదు, అందుకోసం నియమితుడైన మరో సీనియర్ వైద్యుడు. గడువు పెంచడం శిక్ష కాదు.

ఇది మన జిల్లాలో ఎలా ఉంటుందో ఊహించండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో, నొప్పి మాత్రలు కిడ్నీలకు ఎంత చేటో అందరికీ తెలిసిందే. అక్కడ ప్రాక్టీసు చేసే డాక్టరు తాను రాసిన చీటీలలో ముప్పై తీసి, డైక్లోఫినాక్ అనే నొప్పి మందు రాసినవారిలో ఎందరికి ముందుగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశాడో లెక్క వేసుకొని, ఆరు నెలల తరువాత మళ్లీ అదే లెక్క తీస్తే చాలు. “డాక్టరు బాబూ, ఆ సూదేస్తేనే తగ్గుతాది” అని రోగి పట్టుబట్టినప్పుడు ఏం చేశాడన్నది కూడా ఆ లెక్కలో తేలుతుంది. ఇందుకు ఖర్చేమీ లేదు, తన పనిని తానే తిరిగి చూసుకునే ఓపిక తప్ప.

అపోహ: మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే నష్టపరిహారం వస్తుంది.

వాస్తవం: రాదు. విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వైద్యుడి రిజిస్ట్రేషన్ విషయమే చూస్తుంది: హెచ్చరించగలదు, కొంతకాలానికో శాశ్వతంగానో పేరు తొలగించగలదు. పరిహారానికి వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి; 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఆ దారిని స్పష్టం చేసింది. పోలీసు కేసు ఇంకొకటి; నిర్లక్ష్యం తీవ్రమైనదైతేనే అది నేరమవుతుందని అదే కోర్టు 2005లో చెప్పింది. రోగి చనిపోయినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు.

అపోహ: ఊళ్లోని ఆర్ఎంపీ మీద కూడా కౌన్సిలే చర్య తీసుకోవాలి.

వాస్తవం: రిజిస్టరులో పేరే లేనివారి పేరు కౌన్సిల్ ఎలా తీసేస్తుంది? అనుమతి లేని వైద్యానికి 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఏడాది వరకు జైలు గానీ, రూ. 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధిస్తుంది. అటువంటి ఫిర్యాదు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి గానీ పోలీసులకు గానీ ఇవ్వవచ్చు.

అపోహ: కేసు షీటు ఆసుపత్రి సొంతం, అడిగినా ఇవ్వరు.

వాస్తవం: అడిగిన 72 గంటలలోగా రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళే చెబుతోంది. ఫిర్యాదు రాసే ముందే ఆ కాగితాలు తీసుకోండి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కోసం ఎక్కడా వెతకనక్కర లేదు. చీటీ మీదా, రశీదు మీదా అది ఉండి తీరాలి.