టీసీఈ తగ్గిందంటే విరిగినట్టేనా? భూగర్భ జలాల్లో క్లోరిన్ సాల్వెంట్లు: అపోహలు – వాస్తవాలు

లోహపు పార్టుల మీద గ్రీజు వదలగొట్టే ట్రైక్లోరోఈథీన్ (టీసీఈ), డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఈథీన్ (పీసీఈ) నేలలోకి ఇంకాక ఏమవుతాయి? "ఎప్పటికీ పోవు" అనేవాళ్లున్నారు. "వదిలేయండి, వాటంతటవే పోతాయి" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

అపోహ: క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు ప్రకృతిలో విరగవు.

ఆక్సిజన్ అందని చోట విరుగుతాయి. కొన్ని బ్యాక్టీరియాలు వీటిని తిండిగా కాకుండా, మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టు శ్వాసకు వాడుకుంటాయి. ఒక్కో మెట్టులో ఒక క్లోరిన్ ఊడిపోయి, దాని చోట హైడ్రోజన్ చేరుతుంది. పీసీఈ, టీసీఈ, సిస్-డీసీఈ (సిస్-డైక్లోరోఈథీన్), వినైల్ క్లోరైడ్, చివరికి క్లోరినే లేని ఈథీన్: ఇదీ వరస. మొదటి రెండు మెట్లు దిగే బ్యాక్టీరియాలు చాలానే ఉన్నాయి. సిస్-డీసీఈని ఈథీన్ దాకా తీసుకెళ్లేవి మాత్రం ప్రధానంగా డీహాలోకోకాయిడిస్ జాతివే. ఆ పని చేసే సూక్ష్మజీవిని వేరుచేసినట్టు కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం 1997లో ప్రకటించింది.

అపోహ: ల్యాబ్ రిపోర్టులో టీసీఈ తగ్గితే నీళ్లు బాగుపడుతున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. వాన నీరు కలిసి పలచబడినా అంకె తగ్గుతుంది. అందుకే మైక్రోగ్రాములు పక్కనబెట్టి మోల్స్‌లో, అంటే బరువును కాక అణువుల సంఖ్యను బట్టి లెక్క కట్టాలి. లీటరుకు 1000 మైక్రోగ్రాముల టీసీఈ అంటే 7.6 మైక్రోమోల్స్. అదంతా సిస్-డీసీఈగా మారితే 738, వినైల్ క్లోరైడ్‌గా మారితే 476, ఈథీన్‌గా మారితే 213 మైక్రోగ్రాములు రావాలి. టీసీఈ 1000 నుంచి 200కు పడిపోయింది, సిస్-డీసీఈ మాత్రం 50 దగ్గరే ఉంది, వినైల్ క్లోరైడ్, ఈథీన్ జాడే లేవు అనుకోండి. అది విరగడం అని రాసేయకండి. కార్బన్ ఐసోటోపుల (వేర్వేరు బరువులున్న కార్బన్ పరమాణువుల) పరీక్ష చేయిస్తే తేలిపోతుంది: పలచబడితే కార్బన్-13, కార్బన్-12ల నిష్పత్తి మారదు, విరిగితే మిగిలిన టీసీఈలో కార్బన్-13 వాటా పెరుగుతుంది.

విరగడం నిజమే అయినా, సగంలో, ముఖ్యంగా వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగితే ముప్పు పెరుగుతుంది. అమెరికాలో తాగునీటి పరిమితి టీసీఈకి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే, వినైల్ క్లోరైడ్‌కు 2 మాత్రమే.

ఎందుకు ఆగుతుంది? డీహాలోకోకాయిడిస్ లేకపోవచ్చు, వాటికి కావలసిన హైడ్రోజన్‌నిచ్చే సేంద్రియ పదార్థం చాలకపోవచ్చు, పీహెచ్ 6 కంటే కిందికి పోయి ఉండొచ్చు, నైట్రేటో సల్ఫేటో ఆ హైడ్రోజన్‌ను పంచుకుపోతుండవచ్చు. మన బల్క్ డ్రగ్ పరిశ్రమల పక్కన పనిచేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: క్లోరోఫాం. కొద్దిగా ఉన్నా అది డీహాలోకోకాయిడిస్ పనిని అడ్డుకుంటుంది.

అపోహ: బావిలోంచి బెయిలర్‌తో (తాడు కట్టి దించే గొట్టంతో) నీళ్లు తోడి సీసాలో పోస్తే శాంపిల్ అయిపోయినట్టే.

వినైల్ క్లోరైడ్ మైనస్ 13 డిగ్రీలకే మరుగుతుంది. బెయిలర్ దబ్బున పడి నీరు చిలికితే అది ఎగిరిపోతుంది, ఆక్సిజన్ కలుస్తుంది. తర్వాత "ఇక్కడ ఆక్సిజన్ ఉంది, వినైల్ క్లోరైడ్ లేదు" అని రిపోర్టు వస్తుంది. రెండూ మన చేతి పనే!

పంపును నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల వేగంతో నడపండి. నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి రీడింగు తీస్తూ, వరసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపు, కండక్టివిటీ 3 శాతం లోపు, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ-క్షయకరణ పొటెన్షియల్) 10 మిల్లీవోల్టుల లోపు నిలిస్తేనే సీసా తీయండి. 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌లో ముందే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉండాలి. అంచు దాకా నింపి, మూత బిగించి తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనిపిస్తే ఆ వయల్ పారేసి ఇంకోటి నింపండి. ఈథీన్, మీథేన్‌లకు వేరే సీసాలు.

ఓఆర్‌పీ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఫీల్డ్ మీటర్ అంకె సాధారణంగా సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి చెప్పేది. దాన్ని ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ లెక్కలోకి మార్చాలంటే దాదాపు 200 మిల్లీవోల్టులు కలపాలి. ఒక త్రైమాసికంలో కలిపి, తర్వాతి దాంట్లో మరిచిపోతే బావి ఒక్కసారిగా "మారిపోయినట్టు" కనిపిస్తుంది.

అపోహ: లీకైన ట్యాంకు, దాని కింది మట్టి తీసేశాం కాబట్టి రెండేళ్లలో నీరు శుభ్రపడిపోతుంది.

టీసీఈ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. నీటిమట్టం దాటి కిందికి దిగిపోతుంది, బంకమట్టిలోకి ఇంకుతుంది. చుట్టూ నీరు శుభ్రపడ్డాక అదే బంకమట్టి ఏళ్ల తరబడి తిరిగి వదులుతూ ఉంటుంది. తెలంగాణలో ఎక్కువగా కనిపించే గ్రానైట్ నేలల్లో సాల్వెంట్ పగుళ్ల దారి పడుతుంది. పగులును తాకని పరిశీలన బావి ఎంత శుభ్రంగా చూపినా దాన్ని నమ్మలేం.

అపోహ: సహజంగా విరగనివ్వడమంటే ఏమీ చేయకపోవడమే.

అమెరికా పర్యావరణ సంస్థ 1999 మార్గదర్శకం ప్రకారం కూడా ఇది నిఘా ఉన్న చికిత్సే. కాలుష్యం పాకే అంచుకు అవతల కాపలా బావులు, క్రమం తప్పని శాంపిళ్లు, ఎక్కడ ఏ అంకె దాటితే ఏం చేయాలో ముందే రాసిన ప్రణాళిక ఉండాలి. ఆ కాపలా బావిలో వినైల్ క్లోరైడ్ కనబడిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి.