పావలా బిళ్ళ, పాత చెక్క, బ్రయాన్ మే

బెంగళూరు

పిల్లలూ,

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ క్వీన్ పాటల్లో గిటార్ గొంతెత్తి పాడుతున్నట్టు ఉంటుంది. ఎందుకో తెలియాలంటే వాళ్ళ గిటారిస్టు బ్రయాన్ మే వేళ్ళకంటే ముందు అతని గిటార్ చూడాలి.

1963లో, పదహారేళ్ళప్పుడు, తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టాడు. రెండేళ్ళు పట్టింది. మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్క. మెడ మీద ఫ్రెట్ల (అడ్డకమ్మీల) మధ్య చుక్కలు ముత్యపుచిప్ప గుండీలు. ట్రెమొలో (నొక్కితే తీగల బిగువు మారి స్వరం ఊగే పిడి) కొస అల్లిక సూది ముక్క, స్ప్రింగులేమో మోటార్‌సైకిల్‌వి. 1985 లైవ్ ఎయిడ్‌లోనూ, 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీదా మోగింది ఆ గిటారే. (గిటార్ కోసం పక్కనపెట్టిన ఖగోళశాస్త్రం పీహెచ్‌డీని 2007లో పూర్తిచేశాడు. ఇది మీ అమ్మకి చెప్పండి.)

ట్రెమొలో నొక్కి వదిలాక శ్రుతి తప్పేది తీగ ఎక్కడో పట్టేసుకోవడం వల్లే. అందుకే బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) మీద ప్రతి తీగకీ ఓ రోలర్ పెట్టి, ట్రెమొలో పలక కత్తి అంచు మీద ఊగేలా చేశారు. మీకంత అక్కర్లేదు. తీగలు మార్చేటప్పుడు మెడ చివర తీగలు ఆనే నట్ గాడుల్లో 2బి పెన్సిల్ నల్లగా అంటేదాకా గీకండి, సగం జబ్బు పోతుంది.

మే ప్లాస్టిక్ పిక్ ముట్టడు. బ్రిటిష్ సిక్స్‌పెన్స్ నాణెంతో మీటుతాడు. మన పాత పావలా కూడా దాదాపు అంతే, 19 మిల్లీమీటర్లు. స్టీలు పావలా వద్దు, దాని అంచు నున్నన. గరుకంచు నికెల్ పావలా వెతకండి. బిళ్ళ తీగకి సమాంతరంగా తగిలితే నాదం మెత్తన. కాస్త వాలిస్తే అంచు పళ్ళు తీగని గీరి ముందు 'క్ర్' అని హల్లు, వెనకే అచ్చు పలుకుతుంది. పాడినట్టు అనిపించేది అక్కడే. బిగించి పట్టుకుంటే సన్నతీగ పుటుక్కుమంటుంది.

మే గిటార్లో తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే మూడు పికప్‌లకీ విడివిడిగా ఫేజ్ స్విచ్చులున్నాయి, అంటే ఆ కరెంటుని తిరగేసేవి. రెండు పికప్‌ల ఫేజ్ ఎదురైతే మంద్రం చాలావరకు కొట్టుకుపోయి ముక్కుతో పాడినట్టు మిగులుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఆరు కాళ్ళ స్లయిడ్ స్విచ్ కొనండి. పికప్ వైర్లు రెండూ నడిమి కాళ్ళకి, చివరి నాలుగు కాళ్ళు X ఆకారంలో మూలమూలకి. పికప్ రేకు మూత దాని వైరుకే అతికి ఉంటే విడదీసి ఎర్త్‌కి వేయండి, లేదంటే ముట్టుకోగానే గుయ్యిమంటుంది.

వేదిక మీద ఒక్కడే ముగ్గురిలా వాయించేది ఎకోతో, అంటే మీటిన స్వరాన్ని కాస్త ఆగి మళ్ళీ పలికించే పరికరంతో. మెట్రోనోమ్ 75, డిలే 800 మిల్లీసెకండ్లు, ఫీడ్‌బ్యాక్ సున్నా (స్వరం ఒక్కసారే తిరిగొస్తుంది). దెబ్బకో స్వరం: స, గ, ప. మీరు గ మీటేసరికి స తిరిగొచ్చి జత కలుస్తుంది, ప మీటేసరికి గ. తాళం రవ్వంత జారినా రెండూ తన్నుకుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, కింది ఫ్లాటువాళ్ళు పైకొస్తారు.

మీ తాతయ్య