కాడి వేరు, స్నేహం వేరు

ప్రియమైన పిల్లలకు,

మన విశ్వాసం లేనివాళ్లతో స్నేహం చేయొచ్చా అని మీరు తరచూ అడుగుతుంటారు. మీ మనసులో ఉన్నది 2 కొరింథీయులకు 6:14 అని నాకు తెలుసు: అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దని పౌలు రాసిన మాట. అక్కడ ‘జోడు’ అన్న మాట కాడికి సంబంధించింది. ఎద్దునీ గాడిదనీ కలిపి దున్నొద్దని ద్వితీయోపదేశకాండం 22:10 చెబుతుంది. రెండింటి ఎత్తూ, బలమూ, అడుగూ వేరు. కాడి ఒకవైపుకి ఒరుగుతుంది, మెడలు ఒరుసుకుపోతాయి, చాలు వంకర పోతుంది. అయినా మెడ తప్పించుకునే వీలుండదు. పెళ్లి అలాంటి కట్టు. స్నేహంలో ఎవరి అడుగు వాళ్లదే. లోకంలో ఎవరితోనూ కలవకూడదంటే లోకాన్నే విడిచిపోవాలని అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5:10లో అన్నాడు.

అపొస్తలుల కార్యములు 19 నెమ్మదిగా చదవండి. ఎఫెసులో అల్లరి రేగినప్పుడు, గుంపులోకి వెళ్లొద్దని పౌలుకు కబురు పంపింది ఆ ప్రాంతపు అధికారులే. వాళ్లు అతని స్నేహితులు. చేతులతో చేసినవి దేవుళ్లు కావని పౌలు అక్కడ బాహాటంగానే బోధించాడు. అయినా పౌలు తోటివాళ్లు మన దేవతను దూషించలేదని ఆ ఊరి కరణమే జనానికి చెప్పాడు. నమ్మింది దాచకుండా, ఎదుటివాళ్లు మొక్కేదాన్ని తిట్టకుండా బతకడం సాధ్యమేనన్నమాట.

భోజనం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. 1 కొరింథీయులకు 10:25-29లో దారి స్పష్టంగా ఉంది. అంగట్లో కొన్నదాని గురించి ఆరా తీయొద్దు. స్నేహితుడు పిలిస్తే వెళ్లి, పెట్టింది తినాలి. ఇది దేవుడికి పెట్టిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దు. చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసమే అలా మానమంటున్నాడు పౌలు. కడుపునొప్పి అని సాకు చెప్పకండి. అబద్ధం బయటపడితే తినకపోవడం కంటే అదే ఎక్కువ బాధిస్తుంది. స్నేహితుడి ఇంట్లో పూజ ఉంటే, అందులో పాల్గొనలేనన్న సంగతి ఆ రోజు గుమ్మంలో నిలబడి కాదు, ముందే చెప్పండి: "నేను పూజలో కూర్చోలేను. మిగతా పనుల్లో సాయం చేస్తాను." చెప్పాక ఆ సాయం తప్పకుండా చేయాలి.

విశ్వాసం గురించి మాట్లాడాల్సి వస్తే 1 పేతురు 3:15 చాలు: అడిగినవారికి, సాత్వికంతో జవాబివ్వండి. అడిగినంతవరకే చెప్పి, వాళ్ల నమ్మకం గురించి మీరూ అడిగి వినండి. మారతాడేమోనని దగ్గరై, మారకపోతే దూరమయ్యేవాడు మొదటినుంచీ స్నేహితుడు కాదు. ఆ లెక్క ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

స్నేహితుడు జబ్బుపడితే, "నీ కోసం ప్రార్థన చేయనా?" అని ముందు అడగండి. వద్దంటే పక్కన ఊరికే కూర్చోండి, ఇంట్లోనే ప్రార్థించుకోండి. సంఘంలో ప్రార్థన అంశంగా వాడి పేరు, జబ్బు, ఇంటి గొడవలు చెప్పాలనుకుంటే, వాడు ఒప్పుకున్నాకే చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య