సెక్రటేరియట్ బిడ్డల సంగతి

చిన్నూ, బంటీ,

మొన్న మీరు ఫోన్‌లో పంపిన గుర్రప్పందెం వీడియో మూడుసార్లు చూసిన. "అమ్మమ్మా, ఇది గ్రాఫిక్సా?" అని అడిగిండ్రు కదా, కాదు బిడ్డా, నిజమే. 1973 జూన్ 9న న్యూయార్క్‌లో జరిగిన బెల్మాంట్ స్టేక్స్ అది. ఆ ఎర్రగుర్రం పేరు సెక్రటేరియట్ (హైదరాబాద్‌లో ఉన్నది కాదు, నవ్వకండి). ఒకటిన్నర మైలు దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో ఉరికింది, ఆ పందెంలో ఆ రికార్డును ఇప్పటికీ ఏ గుర్రమూ కొట్టలేదు. రెండో గుర్రం ఎంత వెనకబడ్డదో తెలుసా? మధ్యలో 31 గుర్రాలను ముక్కుకు తోక ఆనేటట్టు నిలబెట్టొచ్చు! రెండు డాలర్ల టికెట్ మీద గెలిచినోళ్లకు వచ్చేది 2 డాలర్ల 20 సెంట్లే, అయినా 5,617 టికెట్లకు ఎవరూ ఆ డబ్బులు తీసుకోలేదు, గుర్తుగా దాచుకున్నరట.

అసలు ఈ గుర్రం పుట్టకముందే ఒక తమాషా జరిగింది. మగగుర్రం ఫిప్స్ అనే ఆయనది, ఆడగుర్రాలు చెనరీ కుటుంబానివి. పిల్లలను ఎట్ల పంచుకోవాలంటే బొమ్మా బొరుసా వేసుకునేవాళ్లు. 1969లో ఫిప్స్ గెలిచి తనకు నచ్చిన పిల్లను తీసుకున్నడు. ఓడిపోయిన పెన్నీ చెనరీకి వచ్చిన వాటిలో ఒకటి ఇంకా తల్లి కడుపులోనే ఉంది. 1970 మార్చి 30న పుట్టిన ఆ పిల్లే సెక్రటేరియట్. మొదటి పందెంలో నాలుగోది వచ్చింది. కెంటకీ డర్బీకి రెండు వారాల ముందు కూడా ఓడి మూడోది వచ్చింది, తీరా చూస్తే నోట్లో గడ్డ! అది తగ్గినంక అమెరికాలో పెద్ద పందేలైన డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ ఒకే ఏడాది గెలిచింది. అట్ల గెలిచిన గుర్రం వచ్చి అప్పటికి 25 ఏండ్లయింది.

1989లో గిట్టల జబ్బుతో చనిపోయింది. పరీక్ష చేసిన డాక్టర్, దాని గుండె దాదాపు పది కిలోలు ఉంటుందని అంచనా వేసిండు, మామూలు గుర్రానికైతే నాలుగు కిలోలు. తూకం వేయలేదు, కండ్లతో చూసి చెప్పిన మాటే.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. దాని సంతానంలో రైజెన్ స్టార్ లాంటి మంచి గుర్రాలు లేకపోలేదు గానీ, కొడుకులు తండ్రంతటి గుర్రాలను కనలేదని జనం పెదవి విరిచిండ్రు. బిడ్డల దిక్కు, అంటే ఆడపిల్లల దిక్కు చూడలేదు. వీకెండ్ సర్‌ప్రైజ్ అనే బిడ్డకు పుట్టిన ఏ.పి. ఇండీ 1992లో అదే బెల్మాంట్ గెలిచింది. టెర్లింగువా అనే ఇంకో బిడ్డకు పుట్టింది స్టార్మ్ క్యాట్, దాని మునిమనుమడే 2015లో మూడు పందేలూ గెలిచిన అమెరికన్ ఫారో.

మన ఓరుగల్లోళ్లకు ఇదేం కొత్త కాదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు, రుద్రమ రాజ్యమేలింది. రుద్రమ తర్వాత గద్దెనెక్కిన ప్రతాపరుద్రుడు ఎవరనుకున్నరు? ఆమె బిడ్డ ముమ్మడమ్మ కొడుకు. మీ అమ్మ పుట్టినప్పుడు "మళ్లా ఆడపిల్లేనా" అని మొహం మాడ్చుకున్న ఒక చుట్టం ఇప్పుడు మందుల చీటీ చదివి పెట్టమని మీ అమ్మకే ఫోన్ చేస్తడు, పేరు చెప్పనులే.

బతుకమ్మకు వచ్చినప్పుడు ఖిలా వరంగల్ పోదాం. చిన్నూ, ఆ వీడియో టీవీలో ఎట్ల పెట్టాలో నేర్పియ్యి, నా కండ్లకు ఫోన్‌లో సరిగ్గా కనబడతలేదు.

మీ అమ్మమ్మ,
హనుమకొండ