దశాంశం తర్వాత ఎన్ని అంకెలు?

2024 డిసెంబర్ ఆఖరి వారంలో జర్మనీ పత్రిక డెర్ స్పీగల్ ఒక కథనం ప్రచురించింది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు చెందిన దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం అమెజాన్ క్లౌడ్‌లో నెలల తరబడి సరైన కాపలా లేకుండా పడి ఉందన్నది దాని సారాంశం. ఆ గ్రూపుకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కారియాడ్ కంపెనీ ఒక మెమరీ ఫైల్‌ను ఇంటర్నెట్ నుంచి అందేలా వదిలేసింది. క్లౌడ్‌లోకి వెళ్లే తాళంచెవులు అందులోనే ఉన్నాయి. సంగతి తెలిసిన ఒకరు కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘానికి చెప్పారు, వాళ్లు కంపెనీకి చెప్పారు, కంపెనీ వెంటనే ఆ దారి మూసేసింది.

ఆ గుట్టలో దాదాపు 4 లక్షల 60 వేల కార్లకు అవి ఎక్కడెక్కడ ఆగాయో కచ్చితంగా చెప్పే వివరాలున్నాయి. కారు ఆపిన ప్రతిసారీ తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం నమోదయ్యాయి. హాంబర్గ్ పోలీసుల 35 గస్తీ కార్లూ అందులో ఉన్నాయి. దొంగల్ని వెంబడించే కార్ల జాడ దొంగలకే దొరికే పరిస్థితి!

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో చిన్న వివరం. ఫోక్స్‌వ్యాగన్, సియాట్ బ్రాండ్ల కార్ల స్థానం 10 సెంటీమీటర్ల దాకా రాసి పెట్టారు. ఆడి, స్కోడా కార్లకు మాత్రం సుమారు 10 కిలోమీటర్ల మేరకే ఉంది. గ్రూపు ఒకటే, లీకైన చోటూ ఒకటే. తేడా అంతా దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలు దాచారన్న దాంట్లోనే ఉంది.

లెక్క సులువే. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత ఒక అంకె రాస్తే 11 కిలోమీటర్ల మేరకు, నాలుగు రాస్తే 11 మీటర్ల మేరకు, ఆరు రాస్తే 11 సెంటీమీటర్ల మేరకు చోటు చెప్పినట్టు. చార్మినార్‌నే తీసుకోండి: 17.3616, 78.4747. నాలుగు అంకెలతో రాస్తే మినార్ల దగ్గరికే తీసుకెళ్తుంది. ఒక్క అంకెకు కుదించి 17.4, 78.5 అని రాస్తే మ్యాప్‌లో గుర్తు బాగ్‌లింగంపల్లి, నల్లకుంట దరిదాపుల్లో పడుతుంది. మీరు వెళ్లింది లాడ్ బజార్‌లో గాజుల కొట్టుకో, ఆస్పత్రికో, లాయర్ ఆఫీసుకో ఇక దాన్నిబట్టి ఎవరూ చెప్పలేరు. (మామూలు జీపీఎస్ రిసీవర్‌కు ఎటూ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, అంచేత ఆరో అంకె చాలావరకు అలంకారమే. అయినా దాచారు.)

ఈ వివరాలు బ్యాటరీని మెరుగుపరచడానికే అనుకున్నా, అది ఎలా అరుగుతోందో తెలుసుకోవడానికి ఆ కారు ఏ ఊళ్లో ఉందో తెలిస్తే చాలు, అక్కడి ఎండో చలో తెలిసిపోతుంది. ఏ గేటు ముందు ఆగిందో ఎందుకు?

శాటిలైట్ పైనుంచి మనల్ని కనిపెడుతోందని చాలామంది అనుకుంటారు. దానికి మనం ఉన్నామన్న సంగతే తెలియదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, ఇప్పుడు టైమ్ ఎంత, తాము ఎక్కడున్నాం అని ప్రసారం చేస్తూ పోతాయి, అంతే. విజయవాడ ఆకాశవాణికి ఏ ఇంట్లో రేడియో మోగుతోందో తెలియనట్టే వీటికీ తెలియదు. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా అందాయో చూసుకుని, తానెక్కడుందో ఫోనే లెక్క కట్టుకుంటుంది. ఒక్కో సంకేతం వచ్చి చేరడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. అందులో నానోసెకను తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. ఇంత సున్నితమైన పని మొత్తం మీ జేబులోనే జరిగిపోతుంది, బయటికి ఒక్క ముక్క వెళ్లదు.

గుట్టు బయటపడేది ఆ తర్వాతే, ఆ జవాబును ఎవరికైనా పంపినప్పుడు. ఫోన్లో పంపేది యాప్. కార్లో పంపేది లోపల బిగించి ఉన్న ఈ-సిమ్. మన దేశంలో 2019లో హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్ వచ్చినప్పుడు ఈ ఇంటర్నెట్ సంగతే పెద్ద ప్రచారాంశం. ఫోనైతే ఇంట్లో వదిలేసి వెళ్లొచ్చు, లొకేషన్ ఆఫ్ చేయొచ్చు. కారు వదిలేసి కార్లో వెళ్లలేం కదా.

ఐరోపాలో ఇందుకు భిన్నమైన నమూనా ఒకటుంది. 2018 మార్చి 31 తర్వాత ఆమోదం పొందే కొత్త మోడళ్లన్నిట్లో ఈ-కాల్ అనే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పెద్ద ప్రమాదం జరిగితే కారు దానంతటదే 112కు ఫోన్ చేసి చోటు చెబుతుంది. మిగతా రోజుల్లో నోరు మెదపదు, నిరంతరం జాడ తీయడానికి వాడకూడదని నిబంధనల్లోనే ఉంది. ప్రాణం కాపాడాలంటే రోజంతా వెంటాడక తప్పదన్న వాదన నాకు ఎక్కకపోవడానికి కారణం ఇదే.

లొకేషన్ ఆఫ్ చేసినా ఫోన్ పూర్తిగా మూగబోదు. కాల్ రావాలంటే మీరు ఏ టవర్ కింద ఉన్నారో నెట్‌వర్క్‌కు తెలిసి తీరాలి. సిటీలో టవర్ పరిధి కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కొన్ని కిలోమీటర్లు. సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని 4జీ నెట్‌వర్క్ సుమారు 78 మీటర్ల అంచెల్లో కొలుస్తుంది, కాబట్టి టవర్ నుంచి మీ దూరం కూడా అంచనాకు వస్తుంది. పేపర్లో "సీడీఆర్ ఆధారంగా నిందితుణ్ణి పట్టుకున్నారు" అని చదివినప్పుడు వెనకున్నది ఈ టవర్ లెక్కే. ఆ కాల్ వివరాల రికార్డులను (సీడీఆర్) కంపెనీలు ఏడాది పాటు ఉంచాలని ఉండేది. 2021 డిసెంబర్‌లో దాన్ని కనీసం రెండేళ్లకు పెంచారు.

అలాగని అంకెలు కుదిస్తే సమస్య తీరిపోతుందా? ఒక్క చోటు విషయంలో తీరుతుంది. వరసగా చాలా చోట్లు దాచిపెడితే తీరదు. 2013లో ఎమ్‌ఐటీ, బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక చిన్న ఐరోపా దేశంలో 15 లక్షల మంది ఫోన్ల జాడను, పేర్లు తీసేసి, 15 నెలల మేరకు పరిశీలించారు. చోటు టవర్ స్థాయిలో, సమయం గంట స్థాయిలో మాత్రమే ఉంది. అయినా, ఒక మనిషి ఏ గంటలో ఎక్కడున్నాడో ఏవైనా నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతా వాళ్లందరి నుంచి విడదీయగలిగారు. పరిధి పెంచి, సమయం పెంచి ఇంకా మసక చేసినా ఆ గుర్తింపు చాలా నెమ్మదిగానే తగ్గింది.

కారణం ఆలోచిస్తే వింతేమీ కాదు. రాత్రి 2 గంటలకు కూకట్‌పల్లిలో, పగలు 11కి నానక్‌రాంగూడలో ఉండేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ప్రతి మంగళవారం సాయంత్రం ఫలానా డయాలసిస్ సెంటర్ ఉన్న వీధికి వెళ్లేవాళ్లు బహుశా ఇద్దరు ముగ్గురు. అందులో సంక్రాంతికి అమలాపురం వెళ్లింది ఒక్కరే. పేరు చెరిపేశామని కంపెనీలు ఇచ్చే హామీ విలువ అంతే. రాత్రిపూట ఫోన్ పడుకునే చోటే మన పేరు, పగటిపూట అది కూర్చునే చోటే మన ఉద్యోగం.

అమెరికా సుప్రీంకోర్టు 2018లో కార్పెంటర్ కేసులో ఇంచుమించు ఇదే గుర్తించింది. పోలీసులు వారెంట్ లేకుండా ఒక నిందితుడి 127 రోజుల టవర్ రికార్డులు, మొత్తం 12,898 స్థానాలు, తెప్పించుకున్నారు. అది తప్పని 5–4 మెజారిటీతో తీర్పు వచ్చింది. ఒక్కొక్క స్థానంలో పెద్ద రహస్యం లేకపోవచ్చు, 127 రోజులు కలిపితే ఒక జీవితం బయటపడుతుంది.

అదే దేశంలో కార్ల వ్యాపారం ఇంకో దారి పట్టింది. జనరల్ మోటార్స్ తన స్మార్ట్ డ్రైవర్ పథకంలో చేరిన కార్ల నడక వివరాలను లెక్సిస్‌నెక్సిస్, వెరిస్క్ అనే సంస్థలకు ఇచ్చిందని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ సంస్థల నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు కొనుక్కునేవి. షెవర్లే బోల్ట్ నడిపే ఒకాయన ప్రీమియం ఒక్కసారిగా 21 శాతం పెరిగింది. ఎందుకని ఆరా తీసి తన ఫైల్ తెప్పించుకుంటే 258 పేజీలు వచ్చాయి. ఆరు నెలల్లో ఆ కారు చేసిన ప్రతి ప్రయాణం, బయల్దేరిన సమయం, ఆగిన సమయం, ఎక్కడ సడన్ బ్రేక్ పడిందని కాదు గానీ ఎన్నిసార్లు పడిందో, అన్నీ ఉన్నాయి. ఊళ్ల పేర్లొక్కటే లేవు. అవి కంపెనీ దగ్గర లేక కాదు. కొన్ని కార్ల నుంచి మూడు సెకన్లకోసారి స్థానం సేకరించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. అయిదేళ్ల పాటు ఇలాంటి సమాచారాన్ని ఆ తరహా సంస్థలకు ఇవ్వకూడదని కంపెనీతో ఒప్పందానికి వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు లెక్సిస్‌నెక్సిస్‌కు ఒక అర్జీ పెట్టుకుంటే తమ ఫైల్ ఉచితంగా వస్తుంది. ప్రీమియం పెరిగిందని టెన్షన్ పడేముందు అది చూడటం మంచిది.

మన దగ్గర కారుకు ఈ-సిమ్ లేకపోయినా ఫాస్టాగ్ ఉంది, 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. పండక్కి హైదరాబాద్‌లో బయల్దేరితే విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల పేర్లతో వరసగా మెసేజ్‌లు పడతాయి. ఫాస్టాగ్ నాన్నగారి నంబర్‌తో తీసుకుని ఉంటే, "ఎక్కడిదాకా వచ్చారురా" అని ఆయన ఫోన్ చేయాల్సిన పనే లేదు. ఇంట్లో ఇది ముచ్చటగానే ఉంటుంది. విడిపోదామనుకుంటున్న భార్య కారు ఫాస్టాగ్ ఆ భర్త నంబర్ మీదే ఉంటే ముచ్చట కాదు.

మన సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా చెప్పింది. 2024 జులైలో ఇంకో అడుగు వేసింది. డ్రగ్స్ కేసులో నిందితుడైన ఒక నైజీరియా పౌరుడికి బెయిల్ ఇస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో తన లొకేషన్ పిన్‌ను దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలని ఢిల్లీ హైకోర్టు షరతు విధించింది. పోలీసులు నిందితుడి ప్రతి కదలికను నిరంతరం కనిపెట్టేలా ఉండే బెయిల్ షరతు చెల్లదని సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంకో తమాషా ఏమిటంటే, పిన్ పంచుకున్నంత మాత్రాన మనిషి జాడ ఎప్పటికప్పుడు తెలియదని గూగులే కోర్టుకు వివరించింది. విధించిన షరతు ఏం చేస్తుందో విధించినవాళ్లకే తెలియదన్నమాట.

నిందితుడికి ఇచ్చిన ఆ రక్షణ మామూలు మనిషికి ఎంతవరకు ఉందో చెప్పడం కష్టం. ఫోన్లలో ఏ-జీపీఎస్ (మొబైల్ నెట్‌వర్క్ సాయంతో చోటును త్వరగా పట్టే జీపీఎస్) ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా, వాడేవాళ్లు ఆపే వీలు లేకుండా చేయాలన్న టెలికాం కంపెనీల సంఘం ప్రతిపాదన కేంద్రం పరిశీలనలో ఉందని 2025 డిసెంబర్‌లో రాయిటర్స్ రాసింది. యాపిల్, గూగుల్, శాంసంగ్ వద్దన్నాయి. ఇది అమలైతే టవర్ మేరకు తెలిసే చోటు మీటర్ల మేరకు తెలుస్తుంది. దశాంశం తర్వాత ఇంకో రెండు అంకెలు చేరినట్టే. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కంపెనీలను కట్టడి చేయడానికి ఉద్దేశించిందే గానీ, ప్రభుత్వం తాను ఎంచుకున్న సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వెసులుబాటూ అందులోనే ఉంది.

చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి, చిన్నవే. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఒక్కో యాప్‌కు 'ప్రిసైజ్ లొకేషన్' అనే మీట విడిగా ఉంటుంది. వాతావరణం చెప్పే యాప్‌కు, వార్తల యాప్‌కు దాన్ని ఆపేయండి. వానొస్తుందో రాదో చెప్పడానికి మీ గుమ్మం నంబర్ అక్కర్లేదు. క్యాబ్ బుక్ చేసేటప్పుడు మాత్రం ఉంచండి, లేకపోతే డ్రైవర్ పక్క వీధిలో తిరుగుతుంటాడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. తాను అమ్మేసిన కారును ఏళ్ల తర్వాత కూడా పాత యాప్‌లో చూడగలుగుతున్నానని, తలుపులు కూడా తెరవగలనని ఐబీఎమ్ భద్రతా నిపుణుడు ఒకరు 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సులో చెప్పారు. కారు స్క్రీన్‌ను రీసెట్ చేసే అమ్మాడాయన. రీసెట్ కొట్టింది కారులోని మెమరీని, యాప్ ఖాతా ఉన్నది కంపెనీ సర్వర్‌లో. మన దగ్గర బ్రోకర్లు ఆర్సీ మార్పు, ఇన్సూరెన్స్, పెండింగ్ చలానాలు, ఫాస్టాగ్ దాకా చూస్తారు. పాత ఓనర్ ఫోన్లో మీ కారు ఇంకా కనిపిస్తోందా అని అడగరు. డబ్బు పూర్తిగా చేతికిచ్చే ముందే ఆయన యాప్ నుంచి కారును తీయించి, మీ ఎదుటే తెరిచి చూపించమనండి. అప్పటికీ అనుమానంగా ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ చెబితే ఆ కారు ఏ ఖాతాకు ముడిపడి ఉందో చూసి విడదీయమని అడగొచ్చు.