లెట్సమ్ ఉపన్యాసాల వెనుక

లండన్ మెడికల్ సొసైటీలో దాని వ్యవస్థాపకుడు, వైద్యుడు లెట్సమ్ పేరిట ఉపన్యాసాలు 19వ శతాబ్దం మధ్యలో మొదలయ్యాయి. అప్పటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటింది.

జాన్ కోక్లీ లెట్సమ్ 1744లో కరీబియన్ వర్జిన్ దీవుల్లో క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖ) ఇంట పుట్టాడు. వారసత్వంగా వచ్చిన బానిసలను విడిచిపెట్టేశాక చేతిలో ఆస్తి మిగల్లేదు. అక్కడి టోర్టోలా దీవిలో కొన్ని నెలలు వైద్యం చేసి సంపాదించుకున్నాడు. లండన్‌లో నిలదొక్కుకున్నది అక్కడి వైద్యుడు జాన్ ఫాథర్‌గిల్ అండతో.

అప్పట్లో ఫిజీషియన్లు, సర్జన్లు, మందులు కలిపిచ్చే అపోథెకరీలు ఎవరి సంస్థ వారిదే. 1773లో లెట్సమ్ పెట్టిన ఈ మెడికల్ సొసైటీలో 30 మంది ఫిజీషియన్లు, 30 మంది సర్జన్లు, 20 మంది అపోథెకరీలు. అసలు విశేషం ఈ లెక్కలోనే ఉంది. 1788లో ఫ్లీట్ స్ట్రీట్ పక్కన బోల్ట్ కోర్టులో సంఘానికి ఇల్లు కూడా ఇచ్చాడు.

సంఘం ఇచ్చే బంగారు పతకానికి ఆయన తన పేరు పెట్టుకోలేదు. దానికి గురువు ఫాథర్‌గిల్ పేరు పెట్టించాడు. 1787లో అది బాత్ నగర వైద్యుడు విలియం ఫాల్కనర్‌కు దక్కింది. పతకం తెచ్చిన వ్యాసాంశం, ఉద్వేగాలు శరీర రుగ్మతలపై చూపే ప్రభావం.

వ్యవస్థాపకుడి మంచితనం సంఘాన్ని చీలిక నుంచి కాపాడలేదు. జేమ్స్ సిమ్స్ 1786 నుంచి 22 ఏళ్లు అధ్యక్ష పీఠం వదల్లేదు. పదవికి కాలపరిమితి లేకపోతే ఏమవుతుందో అదే అయింది: విసిగిన సభ్యులు 1805లో బయటికొచ్చి వేరే సంఘం పెట్టుకున్నారు. నేటి రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ మూలం అదే. 1800లో శామ్యూల్ మెడ్లీ గీసిన సామూహిక చిత్రంలో అందరూ ఎంత ఒద్దికగా కనిపిస్తారో చూస్తే ఈ గొడవ నమ్మబుద్ధి కాదు.

1815లో లెట్సమ్ మరణించాడు. క్వేకర్లు అప్పట్లో సమాధిరాళ్లను ఇష్టపడేవారు కాదు గనక స్మారకం వేరే రూపంలో రావాల్సి వచ్చింది. 1850లో వెస్ట్‌మినిస్టర్ మెడికల్ సొసైటీ లెట్సమ్ సంఘంలో కలిసింది. అక్కడి నుంచి వచ్చినవాడే కలరాకు నీటితో ఉన్న లంకెను చూపిన జాన్ స్నో, 1855లో అధ్యక్షుడయ్యాడు. లెట్సమ్ ఉపన్యాసాలూ ఆ రోజుల్లోనివే. 1873లో సంఘం చాండోస్ స్ట్రీట్‌కు మారింది. 11వ నంబరు భవనం పేరు లెట్సమ్ హౌస్.